రంగుపిల్లకు ఊపిరి

ఆ ఆదివారం పాస్టర్ తమిళ్‌సెల్వన్ చెప్పిన ప్రసంగం సభలో అందరికీ నచ్చింది. చెల్లమ్మకు అందరికంటే ఎక్కువ నచ్చింది. అదే ఆమె కొంప ముంచింది.

దేవుడు అన్నిటినీ నోటిమాటతోనే చేశాడట. వెలుగును రమ్మన్నాడు, వచ్చింది. చేపల్ని రమ్మన్నాడు, వచ్చాయి. మనిషి దగ్గరికొచ్చేసరికి మాట చాలలేదు. మన్ను తీసి, పిసికి, బొమ్మ చేశాడు. కన్నూ ముక్కూ వేళ్ళూ అన్నీ అమిరాయి గానీ బొమ్మలో కదలిక లేదు. అప్పుడు వంగి, వాడి ముక్కులో ఊదాడు.

"ముక్కులో!" అని పాస్టర్ మైకు పక్కన పెట్టి తన ముక్కు తనే పట్టుకుని చూపించాడు. "అంత దగ్గరికి మన కాడికి ఎవురు వస్తారు చెప్పండి? మందు రాసే డాక్టరు కూడా రాడు. దేవుడు వచ్చినాడు."

ఆయన తమిళాయన. ఊరు తమిళనాడుదైనా సభలో సగానికి పైగా తెలుగిళ్ళవాళ్ళే కాబట్టి మధ్యమధ్య ఇలా తెలుగు కలుపుతాడు. ఆ మాటకు ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. చెల్లమ్మ మాత్రం ఫక్కున నవ్వింది. పక్కనున్న కోడలు జెన్సి మోచేత్తో పొడిచింది.

ఎందుకు నవ్విందంటే, ఆ రేకుల షెడ్డు కింద కూర్చున్నవాళ్ళలో ఆ పని తెలిసింది ఆమె ఒక్కదానికే. కొండ కింద బాలసుబ్రహ్మణ్య మామిడితోటలో రాజపాళయం కుక్కల్ని పెంచుతారు. పాలలాంటి తెలుపు, గులాబి ముక్కు, ఎత్తుకాళ్ళ జాతి. వాటికి కాన్పులు చేసేది చెల్లమ్మ. పెళ్ళయి వచ్చిన కొత్తలో తోటలో కాయలు ఏరడానికి వెళ్ళింది. ఒకరోజు ఈనుతున్న కుక్క దగ్గర ఎవరూ లేకపోతే తను కూర్చుంది. అప్పటినుంచి ఆ పని ఆమెదే అయిపోయింది. పిల్ల పడగానే మాయపొర చింపుతుంది, బొడ్డు కత్తిరిస్తుంది, తలకిందులుగా పట్టుకుని నోట్లో నీరు కారుస్తుంది, మెత్తటి గుడ్డతో వీపు రుద్దుతుంది. గుడ్డకేం కరువు లేదు. మొగుడు కాళియప్పన్ సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర పనిచేస్తాడు, చెడిపోయిన తాను ముక్కలు ఇంటికి తెస్తాడు. అంత చేసినా పిల్ల కదలకపోతే దాని మూతినీ ముక్కునూ కలిపి తన నోట్లో పెట్టుకుని ఊదుతుంది. గట్టిగా ఊదకూడదు, ఆ కాస్త రొమ్ము పగిలిపోతుంది. బుగ్గలో పట్టినంత గాలి, అంతే. ఉప్పగా, జిగటగా, ఇనుము నాకినట్టు ఉంటుంది నోరంతా. ఉన్నట్టుండి పిల్ల పొట్ట ఎగిరిపడుతుంది. అప్పుడొక కుయ్యి వినబడుతుంది చూడండి, దానికోసం ఎంత జిగటైనా మింగవచ్చు అంటుంది చెల్లమ్మ.

"నా పని చేసినాడే దేవుడు!" అనుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే రంగుపిల్లలు గుర్తొచ్చాయి.

తెల్లకుక్కలకు ఎప్పుడైనా ఒక రంగుపిల్ల పుడుతుంది. వీపు మీద గోధుమరంగు మచ్చో, చెవి మీద నలుపో. అది బయట తెలిస్తే ఆ కుక్క జాతిలో కల్తీ ఉందంటారు, మిగతా పిల్లల్ని కొనేవాళ్ళు వెనక్కి పోతారు. అందుకని రంగుది పడగానే బక్కెట్టు నీళ్ళలో వేసేస్తారు. ఆ పనీ చెల్లమ్మదే. మొదటిసారి ఏడ్చింది. తరువాత తనకు తనే ఒక ఉపాయం చెప్పుకుంది: ఊపిరి తీసుకోకముందే వేసేస్తే అది ఇంకా ప్రాణి కాదు, మాంసం ముద్దే. పాపం అంటదు. అందుకే చాలా చురుగ్గా చేసేది. ఒక్క రంగుపిల్లను కూడా కుయ్యిమననీయలేదు. చెల్లమ్మ చెయ్యి మెత్తని చెయ్యి అని తోటలో పేరు.

ఇప్పుడు పాస్టర్ చెప్పిన ఆ బొమ్మ కళ్ళముందు పడుకుని ఉంది. కదలడం లేదు. దేవుడు వంగుతున్నాడు. నోరు తెరిచాడు. ఆ నోటికీ ఈ ముక్కుకీ నడుమ జానెడు ఎడం. ఆ ఎడంలోకి ఒక చెయ్యి దూరి బొమ్మను లాగేసి నీళ్ళలో పడేసింది. ఆ చెయ్యికి చెల్లమ్మ గాజులున్నాయి.

ఇంటికొచ్చింది. అన్నం వడ్డించుకుని తినకుండానే లేచింది. తుడిచిన అరుగే మళ్ళీ తుడిచింది. కోడిని కారణం లేకుండా అదిలించింది.

"ఏమే, ఎర్రచీమల మింద కూచున్నట్ల లేస్తావు, కూచుంటావు?" అన్నాడు కాళియప్పన్.

"నాకేమీ లేదు. నువ్వు తిను."

"నీకేమీ లేదంటే నాకు బయం. పోయినసారి ఏమీ లేదంటివి, మూడు దినాలు నాతో మాట్లాడలేదు."

"ఆ మూడు దినాలు నువ్వు ఒళ్ళు పెరిగినావు. తిను గమ్మున."

అతను నవ్వి తిన్నాడు. ఆమె జెన్సి దగ్గరికి పోయింది. జెన్సి పన్నెండు చదివింది, తళవాయిపురంలో నైటీలు కుట్టే కంపెనీలో పని, ఆదివారం సెలవు. తన పనేదో చేసుకుంటున్న పిల్లను చెల్లమ్మ వేదపుస్తకం తెరవమని పట్టుకుంది. చెల్లమ్మకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గానీ అంత సన్న అచ్చు కంటికి ఆనదు.

"పాస్టరు చెప్పింది మళ్ళా చదువు. మనిషికి మాత్రమేనా ఊదింది? కుక్కకు లేదా?"

"కుక్కకా? అత్తా, ఎండలో నడిచి వచ్చినావు, ఒక లోటా మజ్జిగ తాగు."

"చదవమంటే చదువు."

జెన్సి చదివింది. మనిషి ముక్కులో ఊదినట్టే ఉంది, కుక్క మాట లేదు. చెల్లమ్మకు గుండె కొంచెం కుదురుకుంది. కానీ జెన్సి ఊరుకునే రకం కాదు, అడిగితే అంతుచూసేదాకా వదలదు. పేజీలు తిప్పుతూ పోయి జలప్రళయం దగ్గర ఆగింది.

"ఈడ ఉండాది అత్తా. ఓడ బయట ఉండేవి అంతా చచ్చిపోయినప్పుడు, ముక్కులో జీవ శ్వాసం ఉండేవి అన్నీ అని రాసినారు. పక్షి, పశువు, మనిషి, అన్నీ కలిపి."

"ముక్కులో అనే ఉండాదా?"

"ముక్కులో అనే ఉండాది. ఇంకొక చోట కూడా ఉండాది, ఆగు." ఇంకా వెతికింది. "ఈడ చూడు. మనిషికీ మృగానికీ శ్వాసం ఒక్కటే, అది చచ్చేది ఇది చచ్చేది ఒక్కటే, అంటారు."

చెల్లమ్మ లేచి నిలబడింది.

"నిన్ను ఎవురే అంత దూరం చదవమన్నది?"

"నువ్వే కదా!"

రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే పాస్టర్ ఇంటికి వెళ్ళింది. ఆయన వాకిట్లో బండి చైను నూనెతో తుడుస్తున్నాడు. చేతులు నల్లగా ఉన్నాయి. చెల్లమ్మను చూసి స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"అయ్యా, కుక్క ముక్కులో ఉండే ఊపిరి ఎవురిది?"

పాస్టర్ నవ్వలేదు. ఆయనలో చెల్లమ్మకు నచ్చేది అదే, ఏం అడిగినా నవ్వడు.

"దేవుడిదే అమ్మా. ఆయన శ్వాసం వెనక్కి తీసుకుంటే అన్నీ మన్నైపోతాయని కీర్తనలో ఉండాది. కుక్క అయినా, రాజు అయినా. మనిషికి ఇంకా ఎక్కువ ఇచ్చినాడు. ఆయనతో మాట్లాడేదానికి, మంచీ చెడ్డా తెలిసేదానికి. సమాధి నుంచి లేచి వచ్చిన తరువాత యేసయ్య కూడా బయంతో తలుపులు మూసుకున్న శిష్యుల మింద ఊదినాడు. మొదట ఇచ్చిన ఊపిరి బతికేదానికి. తరువాత ఊదిన ఊపిరి లేచి పని చేసేదానికి."

"అది సరి. పుట్టి, ఇంకా ఊపిరి తీసుకోలేదు అనుకోండి. అప్పుడు?"

"అప్పుడు ఏమి?"

"అప్పుడు అది ఎవురిది? మన్నేనా?"

పాస్టర్ గుడ్డ కింద పెట్టాడు. కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. బిడ్డ సంగతేదో అనుకున్నాడేమో, గొంతు తగ్గించాడు.

"మన్నే, కానీ ఊరికే పడి ఉండే మన్ను కాదు అమ్మా. ఆయన చేసి పెట్టినాడు, ఊదేదానికి వంగినాడు. అప్పుడు అది ఊదేవాడిది. జెన్సికి ఏమన్నా..."

"అయ్యో, జెన్సి గట్టిగా ఉండాది. కుక్క గురించే అడిగినాను."

అని చరచరా వచ్చేసింది. దారిలో తనలో తనే కొట్లాడుకుంది. ఊదేవాడిది! తోటలో ఊదేది ఎవరు? నేనే. ఏది ఊదాలి, ఏది ఊదకూడదు అని చూసేది ఎవరు? నేనే. దేవుడు మన్ను రంగు చూసి ఊదాడా? ఎర్రమన్నో నల్లమన్నో పాస్టర్ చెప్పనే లేదు. ఎదురుగా వస్తున్న పాల సైకిలు బెల్లు కొడుతున్నా వినిపించుకోలేదు. సైకిలు ఆయన తిట్టిపోయాడు.

మంగళవారం పొద్దున బాలసుబ్రహ్మణ్య ఫోన్ చేశాడు. మల్లి పడుకుని లేస్తోంది, గోనె గీరుతోంది, రమ్మన్నాడు. మల్లి ఆయన కుక్కలన్నిటిలోకీ పేరున్నది. పోయేముందు చెల్లమ్మ మొగుడితో ఒక మాట అంది.

"ఈ సారి రంగుది పడితే నేను నీళ్ళలో వెయ్యను."

కాళియప్పన్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు ఆగాడు. "తోట ముదలాళి ఏమంటాడో?"

"ఏమన్నా అననీ."

"అయితే ఆయన వేస్తాడు. నీ చెయ్యికి పాపం అంటదు, పిల్ల మాత్రం చస్తది. దానికి నీ చెయ్యి అయితే ఏమి, ఆయన చెయ్యి అయితే ఏమి?"

అది నిజమే. ఆ నిజం చెప్పినందుకు అతని మీద పీకల్దాకా కోపం వచ్చింది. అతను తెచ్చిన గుడ్డముక్కల మూట అతని చేతిలోంచే లాక్కుని బయల్దేరింది.

తోటలో కుక్కల కొట్టంలో మల్లి గసపెడుతూ పడుకుని ఉంది. బాలసుబ్రహ్మణ్య గుమ్మంలో నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, ఎర్రగా, సన్నగా ఉంటాడు. చెడ్డవాడేం కాదు. కాళియప్పన్ కాలు విరిగినప్పుడు కారు పంపించిన మనిషి. కుక్కల దగ్గర మాత్రం తాతల నాటి పట్టుదల.

"దిండుక్కల్లు నుంచి సాయంకాలం మనుషులు వస్తారు చెల్లమ్మా, పిల్లల్ని చూసేదానికి. మల్లి పేరు వినే వస్తారు. నేను చెప్పేది ఏమీ లేదు, నీకు తెలుసు."

"తెలుసు అయ్యా," అంది చెల్లమ్మ. వెయ్యనని అప్పుడే చెప్పెయ్యాలనుకుంది. చెప్పలేదు, కొంగు బిగించి మల్లి పక్కన కూర్చుంది. గోడవారన బక్కెట్టు నిండా నీళ్ళున్నాయి. చెయ్యి కడుక్కోవడానికీ అదే, దేనికైనా అదే.

మొదటిది తెల్లగా పడింది. తుడిచి తల్లి పొట్ట దగ్గర పెట్టింది. రెండోదీ తెలుపే. మూడోది కాస్త ఆలస్యమైంది, అదీ తెలుపే. ప్రతి పిల్లా బయటికి వస్తున్నప్పుడు చెల్లమ్మ కళ్ళు గట్టిగా మూసి తెరిచేది. దేవుడా తెల్లదే పడనీ, నన్ను ఇందులోకి లాగవద్దు, అని లోపల ఒకటే మొర. ఇన్నేళ్ళలో పిల్ల బతకాలని మొక్కింది గానీ, రంగు గురించి మొక్కడం అదే మొదలు.

నాలుగోది కాళ్ళ వైపు నుంచి వచ్చింది, ఇరుక్కుంది. మెల్లగా లాగింది. పొర చింపింది. వీపు మీద రెండు వేళ్ళ వెడల్పు గోధుమ మచ్చ. ఒక చెవి మొత్తం గోధుమే. పిల్ల మెత్తగా వేలాడింది. కదలడం లేదు. గులాబి రంగులో ఉండాల్సిన నాలుక నీలంగా ఉంది.

బాలసుబ్రహ్మణ్య వంగి చూసి ఊపిరి వదిలాడు. "చూసినావా. దేవుడే చూసుకున్నాడు. నీకు పని లేదు, నాకు పాపం లేదు. పక్కన పెట్టెయ్."

చెల్లమ్మ చేతులు ఆగిపోయాయి. బక్కెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. గుడ్డ మీద ఊరికే పెడితే చాలు, అది మన్నుగానే మిగిలిపోతుంది. రెండు రోజులుగా ఆమెను తినేస్తున్న ప్రశ్నకు ఇంతకంటే సులువైన జవాబు దొరకదు. ఎవరి చెయ్యీ అడ్డం రాలేదు. ఎత్తాల్సిన చెయ్యి ఎత్తకపోవడమే అడ్డం, అంతే. ఆ సులువు చూసి ఆమెకు నీళ్ళకంటే ఎక్కువ భయమేసింది.

పిల్లను తలకిందులు చేసింది. నోట్లోంచి నీరు కారింది. గుడ్డతో వీపు రుద్దింది, మచ్చ మీద, చెవి మీద.

"చెల్లమ్మా. అది రంగుది."

"కన్ను ఉండాది అయ్యా, కనిపిస్తా ఉండాది."

"మరి ఏం చేస్తావు?"

జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. పిల్ల మూతి మొత్తం ఆమె నోట్లో ఉంది. బుగ్గలో పట్టినంత గాలి ఊదింది. తీసింది. వేలితో రొమ్ము మీద నొక్కింది. మళ్ళీ ఊదింది. ఏమీ లేదు. మల్లి తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంది. చెల్లమ్మ ఊదుతూనే ఉంది. లోపల మాత్రం ఒకటే పోట్లాట, ఈసారి దేవుడితో. నువ్వు వంగినావు కదా, వంగు. నేను చెయ్యి తీసేసినాను. ఇంక నీ పని. ఊదు. చెమట కళ్ళలోకి కారింది. వెనక బాలసుబ్రహ్మణ్య ఏదో అంటున్నాడు, పేరు పోతుందనీ, చెప్పిన మాట వినవా అనీ. తన నోటి గాలి చాలడం లేదేమో, నీళ్ళలో పోయిన రంగుపిల్లలన్నీ కలిసి ఈ ఒక్కదాని రొమ్ము మీద కూర్చున్నాయేమో అనిపించింది.

పొట్ట ఎగిరింది. ఆగింది. మళ్ళీ ఎగిరింది. కుయ్యిమనలేదు, తుమ్మింది. చెల్లమ్మ ముఖం మీదే తుమ్మింది.

"అయిపోయింది," అన్నాడు బాలసుబ్రహ్మణ్య, గోడకు ఆనుకుంటూ. "నా కొంపకు నిప్పు పెట్టినావు. సాయంకాలం వాళ్ళు వచ్చి దీన్ని చూస్తే?"

"చూడనీండి. మల్లి కడుపులో నుంచే వచ్చింది, నేను కొంగులో పెట్టి తీసుకొని రాలేదు."

"నోరు ఎక్కువైంది నీకు. వచ్చేసారి నిన్ను పిలవను. సత్రపట్టి కాళియమ్మాళ్‌ని పిలుస్తాను."

"పిలవండి. ఆయమ్మ చెయ్యి మంచిదే. ఇప్పుడు రోంత జరగండి, వెలుతురు అడ్డం. ఇంకొకటి వస్తా ఉంది."

ఆయన జరిగాడు. తరువాతది తెల్లది. ఆ తరువాత ఇంకేం రాలేదు. చెల్లమ్మ రంగుదాన్ని మిగతావాటి నడుమ ఇరికించి పెట్టింది. అది గుడ్డిగా పాకి తల్లి రొమ్ము పట్టుకుంది. మల్లి వరసగా నాకుతూ వచ్చి దాన్నీ నాకింది.

చెల్లమ్మ చేతులు కడుక్కుని, మూట కట్టుకుని, గేటు దాకా నడిచింది. అక్కడ ఆగింది. మనసు తేలికపడుతుందనుకుంది, పడలేదు. సాయంకాలం మనుషులు వస్తారు. వాళ్ళు రాకముందు కొట్టంలో ఈయన ఒక్కడే ఉంటాడు. పిల్ల చూస్తే అరచేతిలో పట్టేంత. ఊదేదాకే తన పని అనుకుంటే ఎలా? మళ్ళీ వెనక్కి నడిచింది. కొట్టంలోకి వచ్చి మల్లి పక్కన గోనె మీద కూలబడింది. ఇంటికి ఫోన్ కొట్టింది.

"నేను ఈ పొద్దు రాను. ఈడనే ఉంటాను. కూడు నువ్వే వండుకో."

"ఎందుకే?" అని అరిచాడు కాళియప్పన్. వెనక మగ్గాల చప్పుడు. "రంగుది పడిందా?"

"పడింది. బతికింది."

"చారు వండుకొని తీసుకొని వస్తాను. నా చారు తింటావా?"

"దేవుడి పేరు చెప్పి తింటాను. ఉప్పు చూసి వెయ్."

బాలసుబ్రహ్మణ్య ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో వేసుకున్నాడు. ఆమెను చూశాడు, పిల్లల్ని చూశాడు. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"నాకు కాపలా ఉండావా చెల్లమ్మా?"

"ఆమా అయ్యా, కాపలానే."

"ఇన్నాళ్ళు నా ఉప్పు తిని నన్నే నమ్మవా?"

"ఇన్నాళ్ళు చేసింది మీరు కాదు అయ్యా, నేను. నమ్మకం పోయింది నా మిందనే. మిమ్మల్ని నమ్మాలంటే ముందు నన్ను నమ్మాల కదా."

ఆయన చేతిలో ఉన్న ఫోన్ తిప్పుతూ కూర్చున్నాడు. కొంతసేపటికి దిండుక్కల్లు వాళ్ళ నంబరు నొక్కి, ఈ రోజు వద్దు, తల్లి అలిసిపోయింది, నేను చెప్పినప్పుడు రండి అన్నాడు. పెట్టేసి, ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

"ఎన్ని దినాలు కూచుంటావు ఇట్ల?"

"కండ్లు తెరిచేదాకా. అది మన ముఖం చూసినాక మీరూ వెయ్యలేరు, నేనూ వెయ్యలేను."

"అప్పటిదాకా రోజూ కాళియప్పన్ చారేనా?"

"అదే బయంగా ఉండాది అయ్యా," అంది చెల్లమ్మ. ఐదు పొట్టల్లో రంగుదాని పొట్ట ఎగురుతోందా లేదా అని మళ్ళీ వంగి చూసింది.